ఎడమ పక్క ఎవరూ లేరు

మొదటి దెబ్బకి కంప్యూటర్ తెర పగల్లేదు. నడిమధ్య గుంట పడి, దాని చుట్టూ రంగులు చెదిరిపోయాయి. రెండో దెబ్బకి బల్ల మీంచి ఎగిరి గోడకి తగిలి, వైర్లతో సహా కిందపడింది.

"ఇదేగా! ఇదేగా నా కూతురి కన్ను మింగేసింది!"

క్రేనాయన చేతిలో ఉన్నది మెట్ల కింద మూలన పడి ఉండే ఇనుప రాడ్డు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఇనుము యార్డులో క్రేను నడుపుతున్నాడు గనక వీధి వీధంతా ఆయన్ని క్రేనాయన అనే పిలుస్తుంది. ఆ చేతుల బలం తెలిసినవాళ్ళెవరూ ఆయన కోపంగా ఉన్నప్పుడు దగ్గరికి పోరు.

కూతురు గోడకి అతుక్కుపోయి నిలబడింది. ముప్పై మూడేళ్ళొచ్చి, పెళ్ళై తొమ్మిదేళ్ళైనా తండ్రికి ఆమె ఇంకా పిచ్చుకే. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేదట. ఎనిమిదేళ్ళుగా ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ప్రెస్సువాళ్ళకి పుస్తకాలు టైప్ చేసి, పేజీలు తీర్చి ఇచ్చే పని ఆమెది. ఇవాళ మధ్యాహ్నం పెద్దాసుపత్రిలో కళ్ళు చూపించుకుని వచ్చి, కుడికంటి చూపు సగం పోయిందనీ, పోయింది మళ్ళీ రాదనీ ఇంట్లో చెప్పింది.

డాక్టరమ్మ చెప్పిన మాటల్లో అది సగమే. మిగతా సగం నోట్లో ఉండగానే తండ్రి రాడ్డు అందుకున్నాడు.

"నాన్నా, పూర్తిగా వినండి. దీనివల్ల కాదన్నారు!"

"ఎవరన్నారు?"

"డాక్టరమ్మే. గంటలు గంటలు కంప్యూటర్ చూస్తే కళ్ళు ఎండిపోతాయి, మండుతాయి, తలనొప్పి వస్తుంది. రెప్ప వెయ్యడం తగ్గిపోతుంది కాబట్టి. చూపు మాత్రం పోదట. నాది వేరే జబ్బు."

"ఆవిడ బల్ల మీదా ఒక కంప్యూటర్ ఉండే ఉంటుంది. దాన్ని ఆవిడెందుకు తప్పుపడుతుంది?" క్రేనాయన కింద పడ్డ తెరని కాలితో తన్నాడు. గాజు పలుకులు గచ్చు మీద జారుకుంటూ వెళ్ళాయి. "నన్ను చూడు. ముప్పై ఏళ్ళు ఎండలో, ఇనుప ధూళిలో బతికినవాణ్ణి. నాకు అద్దాలున్నాయా? చుక్కల మందు తెలుసా? ఎందుకంటే ఈ దెయ్యం మొహం నేను చూళ్ళేదు!"

కుర్చీలోంచి భర్త లేచాడు. ప్రెస్సులో పుస్తకాలు కుట్టి అట్టలు అంటించే బైండరు అతను. వేళ్ళకి జిగురు ఎప్పుడూ వదలదు. అతను గొంతు పెంచగా ఎవరూ వినలేదు.

"మామయ్యా, ముందు ఆ రాడ్డు కింద పెట్టండి. తర్వాత మాట్లాడుకుందాం."

"నీతోనే మాట్లాడాలిరా. దీన్ని ఇంట్లోకి మోసుకొచ్చింది ఎవరు? పగలంతా దాని ముందు కూర్చోబెట్టింది ఎవరు?"

"ఎవరూ కూర్చోబెట్టలేదు. తనకి ఆ పనంటే ఇష్టం."

"ఇష్టమా?"

రాడ్డు అతని భుజం మీద పడింది. భర్త కుర్చీతో పాటు వెనక్కి పడ్డాడు. బల్ల అంచు తగిలి కనుబొమ చీరుకుపోయింది. నెత్తురు కంట్లోకి కారింది. అతను కేక కూడా వెయ్యలేదు. లేవడానికి చెయ్యి ఊతంగా పెడితే గాజు పలుకు అరచేతిలో దిగింది.

"నాన్నా!"

క్రేనాయన రాడ్డుని మళ్ళీ ఎడమ పక్కకి బలంగా లాగాడు, ఊపు కోసం. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. వంటింటి గుమ్మం ఆయనకి ఎడమ పక్క. అమ్మ ఆ గుమ్మం దాటి, స్టూలు దాటి, పది అడుగుల గదిలో ఐదు అడుగులు నడిచి, రెండు చేతులూ చాపుకుని ఆయన పక్కకే వచ్చింది.

ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

అమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. ముంజేయి మణికట్టుకి పైన వంగకూడని చోట వంగి ఉంది.

రాడ్డు క్రేనాయన చేతిలోంచి జారిపోయింది. "నువ్వెక్కడున్నావే?" అన్నాడు. "వంటింట్లో కదా ఉన్నావు? ఎక్కణ్ణుంచి వచ్చావు?"

అమ్మ పళ్ళు బిగబట్టి తలెత్తింది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో మొగుణ్ణి 'మీరు' అని తప్ప పిలవని మనిషి.

"నీ కళ్ళెదుటి నుంచే వచ్చాను," అంది. "నీకు కనబడలేదా?"

పిచ్చుక గుమ్మం నుంచి తండ్రి దాకా ఉన్న దూరాన్ని చూసింది. ఒకటిన్నర కన్నుతో చూస్తున్న తనకే అమ్మ రావడం మొదటి నుంచీ కనబడింది. డాక్టరమ్మ చెప్పినవాటిలో తను ఇంకా చెప్పని మాటలు గుర్తుకొచ్చాయి. *ఇది రక్తసంబంధంలో వస్తుంది. మీ అమ్మానాన్నల్ని వెంటనే తీసుకురండి.*

* * *

అదే ఆసుపత్రిలో, కింద ఎమర్జెన్సీ గదిలో ఎముకల డాక్టరు అమ్మ చేతి ఎక్స్‌రే పైకెత్తి చూసి, రెండు చోట్ల విరిగిందన్నాడు. సరిచేసి కట్టు వెయ్యాలన్నాడు. పక్క మంచం మీద భర్తకి కనుబొమ మీద నాలుగు కుట్లు వేస్తున్నారు.

"ఇప్పుడొద్దు," అంది అమ్మ.

"ఏమిటొద్దు?"

"కట్టు. ముందు ఈయన కళ్ళు చూడండి. ఆ తర్వాతే నా చెయ్యి ముట్టుకోండి."

డాక్టరు పిచ్చుక వైపు చూశాడు, నొప్పికి మతి పోయిందేమోనని. క్రేనాయన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా మీద నెత్తురు మరకలున్నాయి, అందులో తనది ఒక్కటీ లేదు.

"నా కళ్ళకేమైందే? ఏటా యార్డులో పరీక్ష పెడతారు. గోడ మీది అక్షరాల్లో అట్టడుగు వరస చదివేది నేనొక్కణ్ణే. పాతికేళ్ళ కుర్రాళ్ళు నా వెనక నిలబడి తల గోక్కుంటారు!"

"అయితే భయమెందుకు?"

"నాకా? భయమా?"

"భయం లేకపోతే వెళ్ళి కూర్చో. నేను చెయ్యి ఇలాగే పట్టుకుని కూర్చుంటా." అమ్మ చెంపల మీద చెమట ధారగా కారుతోంది. చెయ్యి క్షణక్షణానికీ ఉబ్బుతోంది. "తెల్లారేదాకా కూర్చోమంటే తెల్లారేదాకా కూర్చుంటా."

"మొండి ముండా!" అని క్రేనాయన గోడని గుద్దాడు. అమ్మ కదల్లేదు. ఆయన ఇంకోసారి గుద్దాడు. నర్సులు దూరం జరిగారు. డాక్టరు, "అమ్మా, ఆలస్యమైతే చెయ్యి పాడైపోతుంది" అన్నాడు. అమ్మ ఆయనకేసి కూడా చూడలేదు.

మూడో గుద్దు పడలేదు. "పద," అన్నాడు క్రేనాయన కూతురితో. "ఆ దిక్కుమాలిన మిషనేదో చూపించు."

కళ్ళ విభాగం పై అంతస్తులో ఉంది. మూసేవేళ దగ్గరపడింది. పొద్దున తను కూర్చున్న స్టూలు మీదే తండ్రి కూర్చోవడం పిచ్చుక చూసింది. తెల్లటి పెద్ద గిన్నెని అడ్డంగా నిలబెట్టినట్టుంటుంది ఆ మిషను. గడ్డం దాని అంచున ఆనించాలి. ఒక కన్ను మూసి, రెండో కంటితో నడుమ ఉన్న దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడ చుక్కంత వెలుగు మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి.

"పక్కలకి చూడకూడదు పెద్దాయనా," అంది పరీక్ష చేసే అమ్మాయి. "నడుమ దీపాన్నే చూడండి."

"తెలుసులే. నడుమ చూడ్డంలో నన్ను మించినవాడు లేడు."

చుక్క మారినప్పుడల్లా మిషన్ లోపల సన్నగా టిక్కుమంటుంది. పిచ్చుక తండ్రి బొటనవేలు చూస్తూ నిలబడింది. టిక్. వేలు నొక్కింది. టిక్. నొక్కింది. టిక్. టిక్. టిక్. వేలు కదల్లేదు. టిక్. టిక్. పిచ్చుక లెక్కపెట్టడం మొదలుపెట్టి, పద్నాలుగు దగ్గర మానేసింది.

కుడికన్ను అయ్యాక ఎడమకన్ను. ఈసారి వేలు రెండు మూడుసార్లు నొక్కి ఆగిపోయింది. ఆయన మెడ వెనక నరం ఉబ్బింది.

"ఏమ్మా, దీపాలు ఆరిపోయాయి."

"లేదండీ, వెలుగుతూనే ఉన్నాయి. నడుమ చూడండి."

"ఆరిపోయాయంటుంటే! చప్పుడు వస్తోంది, దీపం రావట్లేదు. మీ మిషన్ పాడైంది."

"పాడవలేదండీ. ఇంకొక్క నిమిషం..."

"నాకు కనబడనిది లేనట్టే!"

పిడికిలి గిన్నె లోపల పడింది. తెల్లటి పెంకు ఫెళ్ళున చీలింది. రెండో పిడికిలికి ముక్కలు రాలాయి, ఆయన వేళ్ళ కణుపులు తెగి నెత్తురు ఆ తెల్లదనం మీద చిమ్మింది. అమ్మాయి అరిచింది. గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి నడుం పట్టుకుంటే క్రేనాయన మోచేత్తో అతని దవడ మీద కొట్టాడు. అతను బీరువాకి తగిలి కూలబడ్డాడు. ఇంకో ఇద్దరు వచ్చి చెరో చెయ్యీ వెనక్కి విరిచి పట్టుకుంటే తప్ప ఆయన ఆగలేదు.

కళ్ళ డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి. ముక్కలైన మిషన్ని చూసి, దాని పక్కనున్న ప్రింటరులోంచి కాగితాలు తీసుకుంది.

"మిషన్ని పగలగొట్టారు గానీ, అప్పటిదాకా పట్టుకున్నదంతా కాగితం మీదికి వచ్చేసిందండీ," అంది.

కాగితం మీద రెండు గుండ్రాలు. రెండిట్లోనూ నడుమ చిన్న తెల్లమచ్చ. చుట్టూ అంతా నలుపు. ఎడమ పక్క నలుపు అంచుదాకా పాకింది.

"ఈ తెల్లటి చోట్లో మాత్రమే మీకు చూపుంది. గొట్టంలోంచి చూసినట్టు. గోడ మీది అక్షరాలు చదవడానికి ఆ గొట్టం సరిపోతుంది. అందుకే మీ పరీక్షల్లో ఎవరూ పట్టుకోలేదు."

క్రేనాయన పెనుగులాట ఆగింది. పట్టుకున్నవాళ్ళు చేతులు వదిలేశారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏళ్ళు పట్టి ఉంటుంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని కొద్దికొద్దిగా చంపుతుంది. నీటికాసులంటారు. నొప్పుండదు. పోయిన చోట చీకటి కూడా కనబడదు. మెదడే ఆ ఖాళీని పూడ్చేస్తుంది. అక్కడ ఎవరూ లేరనే అనిపిస్తుంది, అంతే."

"మరి దానికి?" కూతురి వైపు గడ్డం చూపించాడు.

"అదే జబ్బు. మీ వైపు నుంచే వచ్చింది."

ఆయన పెదాలు కదిలాయి. "కంప్యూటర్..."

"దానికీ దీనికీ సంబంధం లేదు. నిజం చెప్పాలంటే ఆ పని వల్లే మీ అమ్మాయి జబ్బు బయటపడింది. పేజీలో కుడి అంచున అక్షరాలు మాయమవుతున్నాయని తనే అనుమానించి వచ్చింది. చుక్కల మందు వేసుకుంటే మిగిలిన చూపు నిలుస్తుంది. మీరూ వేసుకోవాలి, ఇవాళ్టి నుంచే." డాక్టరమ్మ కాగితం తిరగేసింది. "మీరేం పని చేస్తారు?"

పిచ్చుకే చెప్పింది. "క్రేను నడుపుతారు."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. "రేపటి నుంచి ఎక్కడానికి వీల్లేదు," అంది. కాగితం ఇంకోటి ప్రింటు తీసి, ఒకటి తండ్రికీ ఒకటి కూతురికీ ఇచ్చింది.

* * *

మెట్ల దగ్గర పిచ్చుక ఆగిపోయింది. కాళ్ళు ముందుకి పడలేదు.

ఐదు నెలల కింద యార్డులో ఈల అనే పనివాడి కాలు పోయింది. బరువులకి గొలుసులు తగిలించి, కింద నుంచి ఈల వేసి క్రేనుకి సైగ చేసే మనిషి కాబట్టి అతని పేరే ఈల అయింది. ఇనుప దూలాల కట్ట తిరుగుతూ వచ్చి అతన్ని గోడకేసి నొక్కేసింది. ఎడమ కాలు తొడ దాకా తీసేశారు. నేను నా చోట్లోనే ఉన్నాను, మూడుసార్లు ఈల వేశాను అన్నాడు అతను. ఇంజను మోతలో ఈల ఎవరికీ వినబడలేదు. విచారణలో క్రేనాయన మాట నిలిచింది. ఈల ఉద్యోగం పోయింది, అజాగ్రత్త మనిషనే పేరు మిగిలింది.

క్రేనాయన వాంగ్మూలం చెబుతుంటే టైప్ చేసింది పిచ్చుకే. ఆ బల్ల దగ్గరే, ఆ కంప్యూటర్ మీదే. *నేను బాగా చూశాను. ఎడమ పక్క ఎవరూ లేరు.* తప్పులు కూడా దిద్ది, అందంగా అచ్చుతీసి ఇచ్చింది.

"నాన్నా."

ఆయన రెండు మెట్లు కింద ఉన్నాడు. తెగిన వేళ్ళకి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"ఈలన్న తన చోటు వదల్లేదు నాన్నా. మీకు కనబడలేదు."

"నోర్ముయ్."

"వాళ్ళింటికి వెళ్ళి చెబుదాం. విచారణ మళ్ళీ..."

"ముయ్యమన్నానా!"

దెబ్బ చెంప మీద కాదు, చెవి మీద పడింది. తల గోడకి కొట్టుకుని, చెవిలో హోరు మొదలైంది. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది.

క్రేనాయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ పిచ్చుకకి ఒక అలవాటుంది. నాన్న చెయ్యి లేస్తే చాలు, తల దించి భుజాలు ముడుచుకుంటుంది. ఇప్పుడు ఏదీ చెయ్యలేదు. నిటారుగా నిలబడి దెబ్బ తింది.

"తప్పుకోలేదేం?" అన్నాడు.

"కనబడలేదు. కుడి పక్క నుంచి వచ్చింది కదా."

కింది అంతస్తులోంచి అమ్మ అరుపు వినబడింది. చెయ్యి లాగి సరిచేస్తున్నారు. ఇద్దరూ ఆ అరుపు ఆగేదాకా అలాగే నిలబడ్డారు.

క్రేనాయన తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "పొద్దున డ్యూటీ ఉంది," అని మెట్లు దిగాడు. గోడ వైపు చెయ్యి చాపి, తడుముకుంటూ దిగుతున్నాడని పిచ్చుక మొదటిసారి గమనించింది.

* * *

పొద్దున ఏడింటికి యార్డు గేటు తీసేసరికే పిచ్చుక అక్కడుంది. పక్కనే కనుబొమ మీద పట్టీతో భర్త ఉన్నాడు. తండ్రి వాళ్ళకంటే ముందే లోపలికి వెళ్ళిపోయాడు.

సూపర్‌వైజరు రేకుల గదిలో కూర్చుని హాజరు పుస్తకం రాసుకుంటున్నాడు. పిచ్చుక ఇచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. సొరుగు లాగి అందులో వేశాడు. తాళం తిప్పాడు.

"ఈ కాగితం నేను చూళ్ళేదమ్మా."

"ఇప్పుడేగా చదివారు!"

"విచారణలో మీ నాన్న వాంగ్మూలం కింద సాక్షి సంతకం నాది. కళ్ళు లేని మనిషిని క్రేను ఎక్కించింది ఎవరంటే? నేనే. ఆయనకి ఇంకో ఏడు వారాలే సర్వీసు. గప్‌చుప్‌గా దిగిపోతాడు. నువ్వూ గప్‌చుప్‌గా ఇంటికెళ్ళు."

"ఏడు వారాల్లో ఎవరి కాలు పోవాలి?" అన్నాడు భర్త.

"నువ్వెవడివి రా?"

పదకొండేళ్ళుగా ప్రెస్సులో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి బల్ల మీంచి వంగి సూపర్‌వైజరు కాలరు పట్టుకున్నాడు. కుర్చీ తిరగబడింది. ఇద్దరూ హాజరు పుస్తకం మీద పడ్డారు. సిరాబుడ్డి ఒలికింది. సూపర్‌వైజరు అతని కుట్ల మీదే తలతో పొడిచాడు. పట్టీ తడిసి ఎర్రబడింది. అయినా భర్త పట్టు వదల్లేదు. "తాళం తియ్," అంటున్నాడు. "తాళం తియ్యి రా."

బయట క్రేను హారన్ మోగింది.

పిచ్చుక పరుగెత్తింది.

ఎత్తైన ఇనుప స్తంభాల మీద గాజు గదిలో తండ్రి తల చిన్నగా కనబడుతోంది. కొక్కేనికి ఆరు దూలాల కట్ట వేలాడుతోంది. కొత్తగా వచ్చిన సైగ మనిషి కుడి పక్కన జెండా ఊపుతున్నాడు. ఎడమ పక్కన గోడ వెంబడి పసుపు గీత ఉంది. ఈల నిలబడేది అక్కడే. ఆ చోట్లో ఇప్పుడు ఎవరూ నిలబడరు.

పిచ్చుక వెళ్ళి ఆ గీత మీద నిలబడింది. నిచ్చెన ఎక్కి ఆపొచ్చని ఆమెకి తెలుసు. ఒకసారి అలా ఆపితే రేపు మళ్ళీ ఎక్కుతాడని కూడా తెలుసు.

"అక్కా! పిచ్చెక్కిందా? ఇటు రా!"

గోడ పక్కన దూలాలకి అతుకు వేస్తున్న వెల్డరు మొహం మీది ముసుగు ఎత్తి అరిచాడు. ఈలకి సొంత తమ్ముడు. అన్న కాలు పోయినా అదే యార్డులో పని చేస్తున్నాడు, ఇంట్లో అందరి కడుపులూ నిండాలి గనక.

పిచ్చుక కదల్లేదు. దూలాల కట్ట తిరగడం మొదలైంది. మెల్లిగా, గుండెలెత్తున, అంచులు ముందుకి పెట్టి వస్తోంది. గాజు గదిలోని తల నేరుగా ముందుకే చూస్తోంది. నాన్నా, ఇటు చూడు, అనుకుంది. ఒక్కసారి మెడ తిప్పు. తల తిరగలేదు. వెల్డరు చేతిలోది పారేసి పరుగెత్తుకొస్తున్నాడు. సైగ మనిషి జెండా వదిలేసి చేతులు ఊపుతున్నాడు. ఇంజను మోతలో ఎవరి గొంతూ పైకి పోవడం లేదు.

ఇరవై అడుగులు. పది.

గొలుసులు కీచుమన్నాయి. కట్ట ఒక్కసారిగా ఆగింది గానీ దాని ఊపు ఆగలేదు. ఒక దూలం అంచు ముందుకి ఊగి పిచ్చుక భుజాన్ని కోసి, ఆమెని గోడకి విసిరికొట్టి, వెనక్కి వెళ్ళిపోయింది. ఊపిరి అందలేదు. చెయ్యి నిండా వెచ్చగా కారుతోంది.

ఇంజను ఆగిపోయింది. యార్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. పైన గాజు తలుపు తెరుచుకుంది. క్రేనాయన బయటికి వంగాడు.

"ఎడమ పక్క..." ఊచ పట్టుకుని ఇంకా ముందుకి వంగాడు. మళ్ళీ అరిచాడు. "ఎడమ పక్క ఎవరన్నా ఉన్నారా?"

ముప్పై ఏళ్ళలో ఆయన ఆ మాట అడగడం ఎవరూ వినలేదు. కింద పాతిక మంది ఉన్నారు. ఆ ప్రశ్న అర్థమవడానికి ఒక్కొక్కరికీ ఒక్కో క్షణం పట్టింది. వెల్డరుకి అందరికంటే ముందు అర్థమైంది.

"కనబడట్లేదా నీకు?" అన్నాడు పైకి చూస్తూ. "ఆ రోజు కూడా కనబడలేదా?"

క్రేనాయన నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు. ప్రతి మెట్టుకీ కాలితో వెతుక్కుంటున్నాడు. వెల్డరు నేల మీద పడి ఉన్న గొలుసు ముక్కని తీసి, రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాడు. మిగతాది నేల మీద ఈడ్చుకుంటూ నడిచాడు. పక్కనున్నవాళ్ళు పట్టుకోలేదు. దారి ఇచ్చారు.

పిచ్చుక గోడ పట్టుకుని లేచింది. తూలుతూ వెళ్ళి, నిచ్చెన చివరి మెట్టుకీ అతనికీ నడుమ నిలబడింది.

"తప్పుకో అక్కా."

"తప్పుకోను."

"మా అన్న ఐదు నెలల నుంచి మంచం మీద అదే మాట చెబుతున్నాడు. నా చోట్లోనే ఉన్నాన్రా అని. కట్టుకున్న పెళ్ళాం కూడా నమ్మలేదు. నేను నమ్మలేదు. నేను!"

"తెలుసు. ఎవరూ లేరని ఆ కాగితం మీద టైప్ చేసింది నేనే."

వెల్డరు మొహంలో రంగు మారింది. అతని కళ్ళు క్రేనాయన మీంచి ఆమె మీదికి వచ్చాయి. గొలుసు నేల మీంచి లేచింది.

వెనక తండ్రి కాళ్ళు మట్టి మీద పడ్డ చప్పుడు వినబడింది.

"పిచ్చుకా? నీకేమైందే? ఆ నెత్తురేమిటి?" చేతులు గాల్లో తడిమి ఆమె భుజం దొరకపుచ్చుకున్నాయి. తడి తగిలి ఆగాయి. "నేనేనా? నేనేనా కొట్టింది?"

పిచ్చుక వెల్డరు మీంచి చూపు తిప్పలేదు.

"ఎవరున్నారక్కడ? ఎవరొచ్చారు?"

"ఈలన్న తమ్ముడు."

"ఎటుపక్క?"

"మీకు ఎడమ పక్క."

క్రేనాయన మెడ తిప్పలేదు. ఒళ్ళంతా ఎడమ పక్కకి తిప్పాడు, వెల్డరు మొహం ఆ చిన్న గొట్టంలోకి వచ్చేదాకా. గొలుసు చూశాడు. గుడ్డ చుట్టిన చెయ్యి జేబులో పెట్టి నాలుగు మడతల కాగితం తీసి, వెల్డరు వైపు చాపాడు. రెండో చేత్తో కూతుర్ని పక్కకి తోశాడు.

"తప్పుకోవే," అన్నాడు. "రానీ వాణ్ణి."

వెల్డరు కాగితం అందుకోలేదు. ఇంకో అడుగు ముందుకి వేశాడు.